వంతు లేని నీళ్లు

పెరుగును గుడ్డలో మూటగట్టి కొళాయికి వేలాడదీస్తే కింద గిన్నెలో చుక్కలు పడతాయి. ఆ చప్పుడు మామూలు మనుషులకు వినబడదు. నాకు వినబడుతుంది. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. మా పెద్దనాయన పోతూ పోతూ నా చెవులు పాడుచేసి పోయాడు.

మొన్న ఆదివారం నా రూములో ఉండే కదిరివాడు చిప్స్ పొట్లాలు పట్టుకొచ్చాడు. "పెరుగు పిండి, కీరా తురిమి, ఏందో గ్రీకోళ్ల పచ్చడి చేస్తాంటివి కదా, అది చెయ్యప్పా" అన్నాడు. నేనది చేయక చాన్నాళ్లయింది. దుఃఖంతో మానేశానని వాడి అభిప్రాయం. అందులో సగం బద్ధకం. సరే అని పెరుగు మూటగట్టాను. మొదటి చుక్క స్టీలు గిన్నెలో టప్పుమంది. మామూలుగా అయితే ఆ చుక్క వెనకే పక్క గదిలోంచి "ఎవుర్రా ఆడ కొళాయి సరిగ్గా కట్టనిది?" అని అరుపు రావాలి. రాలేదు. పోయినేడాది వానల్లోనే మనిషి పోయాడు కాబట్టి రాకపోవడం సబబే.

మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, ఊళ్లో నీరుగంటి. చెరువు తూము తెరిచి, మూసి, కింద ఉన్న మడులకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే పని. మా ఊరు శింగనమల దాటాక వస్తుంది. శింగనమలది పెద్ద చెరువు. మాది దాన్ని చూసి సిగ్గుపడే చెరువు. నిండిన ఏళ్లకంటే నిండని ఏళ్లే ఎక్కువ కాబట్టి ఆయన ఉద్యోగంలో అధిక భాగం సెలవే. అయినా పొద్దున్నే పార భుజాన వేసుకుని పోయి ఎండిన తూము మీద కూర్చునేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి అడిగాను, నీళ్లే లేవు కదా, దేనికి కాపలా అని.

"నీళ్లుంటే ఎవుడైనా కాస్తాడురా. లేనప్పుడు వంతులు మర్చిపోతారు నాకొడుకులు. గుర్తుచేసేదానికి ఒకడుండల్ల" అన్నాడు.

అంత మాట అని, ఎడమకాలు ఒళ్లోకి లాక్కుని ముల్లు తీసుకోవడంలో పడిపోయాడు. ఆయన గొప్ప మాటలన్నీ ఇట్లా వేరే పనిలో ఉండగా జారిపడినవే. ఎదురుగా కూర్చోబెట్టి ఏమైనా చెప్పమంటే "ఏముండాదప్పా చెప్పేదానికి" అనేవాడు.

వంతు అనేది ఆయనకు జబ్బు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు వరుసలో చివరి మనిషిని దాటిపోతే ఈయన తన విస్తరి ముందు నుంచి లేచేవాడు. "ఏమప్పా, చివరోడు మనిషి గాదా?" చెరువు కింద చివరి మడికి ఎప్పుడూ నీళ్లు అందవు, మొదటి మడులవాళ్లు గండి కొట్టుకుంటారు, ఆ తగాదాలు తీర్చి తీర్చి ఆయన లోకంలో ఎక్కడ వరుస కనబడినా చివరివాడి తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. మంగలి షాపులో, షేర్ ఆటోలో, రేషన్ కాడ. చివరివాడికి ఇబ్బందిగా ఉండేది. కొందరు "నేను ఊరికే నిలబడినాన్నా, నాకేమీ వద్దు" అని పారిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

రెండో జబ్బు కారే కొళాయిలు. ఎవరింట్లో అయినా సరే, చుక్క వినబడితే లేచి పోయి బిగించేవాడు, బిగియకపోతే జేబులోంచి పాతగుడ్డ పీలిక తీసి కట్టేవాడు. జేబులో పీలికలు పెట్టుకు తిరిగే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మూడో జబ్బు కిడ్నీలది. అది డాక్టరు చెప్పాడు.

ఆ రోజు నేనే అనంతపురంలో ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. చెడు మాట చెప్పబోయే ముందు చేసే పనులన్నీ చేశాడు. "పెద్దాయనా, రెండు కిడ్నీలూ పోయినాయి. ఇంక మిషన్ మీదనే..." అని తలెత్తేసరికి ఎదురుగా కుర్చీ ఖాళీ. పెద్దనాయన మూలన వాష్‌బేసిన్ దగ్గర ఉన్నాడు. కొళాయి బిగించి, చెవి ఆనించి విని, పంచెకు చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఆ, చెప్పు సారూ."

డాక్టరు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే మాట రెండోసారి చెప్పినప్పుడు అంత భయంకరంగా అనిపించలేదు. ఈ పద్ధతి అందరు డాక్టర్లకూ నేర్పాలి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. రోజుకు ఒక్క బాటిల్ నీళ్లు. అంతే. టీ తాగితే అందులోంచి కోత. మజ్జిగ తాగితే కోత. పలచగా ఏది లోపలికి పోయినా లెక్కే, బయటికి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి లోపలే నిలబడుతుంది, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది.

"మజ్జిగ కూడానా?" అన్నాడు పెద్దనాయన. కిడ్నీలు పోయాయంటే కదలని మొహం మజ్జిగ దగ్గర కదిలింది.

"మజ్జిగ కూడా."

బయటికొచ్చాం. మెట్లు దిగుతూ, "ఊరందరికీ నేను పెడితి. నాకు ఈయన పెట్టినాడు" అన్నాడు. వంతు గురించి. తర్వాత చెప్పు తెగిందని వంగి దాంట్లో పడిపోయాడు.

రోజు విడిచి రోజు డయాలసిస్. ఊరి నుంచి బస్సులో వచ్చి, నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, నా రూములో ఆ రాత్రి ఉండి, మర్నాడు ఊరికి పోయేవాడు. రానురాను పోవడం తగ్గింది. పెద్దమ్మ ఊళ్లో రెండు పాడి ఎనుములను చూసుకుంటూ ఉండిపోయింది. వాళ్లకు పిల్లల్లేరు. నాకు మొబైల్ రిపేరు షాపు. నీళ్లలో పడిన ఫోన్లు బాగుచేయడంలో నాకు మంచి పేరుంది. అట్లాంటి ఫోన్లు మాత్రం ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. మా జిల్లా గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

బాటిల్‌ను ఆయన చెరువు చేసేశాడు. పైనుంచి కిందికి దారాలు కట్టాడు. మొదటి దారం దాకా పొద్దున మాత్రలకు. రెండోది సంగటి తిన్నాక. మూడోది మధ్యాహ్నం ఎండకు. అడుగున మిగిలేది చివరి మడి. దాన్ని చీకటిపడేదాకా ముట్టుకునేవాడు కాదు. నాలుక అట్టలాగా పిడచగట్టుకుపోయి మాట పెగలకపోయినా ముట్టుకునేవాడు కాదు. "తాగు పెద్దనాయనా, నీ నీళ్లే కదా" అంటే, "వంతు రానీ" అనేవాడు. అన్ని వంతులూ తనవే అయిన చెరువుకు కూడా ఆయన నీరుగంటే.

దాహమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కరువు జిల్లాలో పుట్టి అంతకుముందు తెలియదా అంటే తెలియదు; మాకు కరువు ఉంది కానీ క్యాన్ వాటర్ కూడా ఉంది. ఆయన చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ ఉండేవాడు. బస్టాండులో ఎవరైనా నీళ్లు తాగుతుంటే నిలబడిపోయేవాడు. తాగే మనిషి మొహాన్ని చూసేవాడు కాదు, గొంతును చూసేవాడు. ఒకసారి ఒకామె భయపడి సగం తాగిన బాటిల్ ఇవ్వబోయింది. "వద్దు తల్లీ, నాకుండాది" అని సంచిలోంచి దారాలు కట్టిన బాటిల్ తీసి చూపించాడు. ఆమె ఇంకా భయపడింది.

మజ్జిగ కోసం ఆయన పడే బాధ చూడలేక ఫోన్లో వెతికాను. అప్పుడు దొరికింది ఈ గ్రీకు పెరుగు కత. పెరుగులో నీళ్లు వడకట్టి తీసేస్తారు. కీరా దోసకాయ తురిమి దాంట్లో నీళ్లూ పిండి తీసేస్తారు. రెండూ కలిపి వెల్లుల్లి, నిమ్మరసం, నూనె. నీళ్లు వద్దన్న మనిషికి నీళ్లు తీసేసిన తిండి. కీరా వాసనకైనా నోరు చల్లబడుతుంది. డయాలసిస్ సెంటర్లో నర్సక్కను అడిగితే, "ఉప్పు లేకుండా, రెండు చెంచాలు పెట్టు, గిన్నెడు పెట్టొద్దు" అంది.

ఆయన పక్కన కూర్చుని అంతా చూశాడు. కీరా తల కోసి, ఆ ముక్కతోనే కోసినచోట రుద్ది, నురగ తీసి చేదు పోగొట్టే పని తనే చేశాడు. నేను తురుము గుప్పిట్లో పట్టి పిండుతుంటే మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"ఆ గ్రీసు దేశంలో కరువుంటాదా?"

"ఏమో పెద్దనాయనా. చుట్టూ సముద్రమంట."

"అదీ. లేకుంటే కాయలో నీళ్లు పిండి పారబోసే బుద్ధి ఎట్ల పుడ్తాది?"

ఆలివ్ నూనె అనేది మా సందులో దొరకదు. చెనిక్కాయ నూనె వేశాను. వాళ్ల ఆకేదో దొరకలేదు, పుదీనా వేశాను. గ్రీకులు చూస్తే కేసు పెడతారు. జొన్నరొట్టె తుంపి, అద్దుకుని, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను మెప్పు కోసం ఎదురుచూశాను.

"పెరుక్కే కరువొచ్చినట్లుండాది" అన్నాడు.

కానీ తిన్నాడు. గిన్నె అంచు వేలితో తుడిచి మరీ తిన్నాడు. మర్నాడు పొద్దున నేను షాపుకు పోతుంటే, "ఆ కరువు పచ్చడి ఈపొద్దు లేదా?" అని అడిగాడు. అప్పటినుంచి అది మామూలైంది. పొద్దున కీరా తురిమి, పిండి, పెరుగు మూటగట్టి పోతే మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి గట్టిపడేది. కింద గిన్నెలో దిగిన పుల్లటి నీళ్లు, కీరా పిండిన నీళ్లు పారబోసే పని ఆయన పెట్టుకున్నాడు. నేను వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

"నీళ్లేం చేసినావు?"

"చెట్టుకు పోస్తి."

మేడ మీద పెయింటు డబ్బాలో ఒక కరివేపాకు మొక్క ఉండేది. అది రోజురోజుకూ ఎండుతోంది. ఇన్ని నీళ్లు తాగి ఎండే చెట్టు మా జిల్లాలోనే ఉంటుందని నేను పెద్దగా పట్టించుకోలేదు.

డయాలసిస్‌కు ముందు బరువు చూస్తారు. రెండు సార్ల మధ్య పెరిగిన బరువంతా నీళ్లే. ఆయన బరువు పెరుగుతూ వచ్చింది. కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. నర్సక్క గట్టిదే.

"ఏం తాగుతాండావ్ పెద్దాయనా? నిజం చెప్పు."

"బాటిలే తల్లీ. నా బిడ్డ మీద ఒట్టు."

"నీకు బిడ్డల్లేరు కదా?"

"అందుకే ధైర్యంగా ఒట్టేస్తాండా."

వార్డంతా నవ్వింది. నర్సక్క నవ్వలేదు. "నవ్వులు గాదు. ఇట్లే పెరిగితే ఒకరోజు మిషన్ కాడికొచ్చే లోపలే ఊపిరాడదు. నువ్వన్నా చూసుకోప్పా" అని నాకు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం షాపు నుంచి మామూలుకంటే ముందే వచ్చాను. పెద్దనాయన వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గిన్నె. పెరుగు నీళ్లలో కీరా నీళ్లు కలిపినట్టున్నాడు, లేత పచ్చగా ఉన్నాయి. దొంగచాటుగా గటగటా తాగడం లేదు. తీరుబడిగా, ఒక్కో గుక్కకూ కళ్లు మూసుకుని, పూజలో తీర్థం తీసుకున్నట్టు తాగుతున్నాడు. పక్కనే బాటిల్. దాంట్లో నీళ్లు మూడో దారం దగ్గర, ఆ వేళకు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

నన్ను చూసి దాచలేదు. అదే నాకు వింతగా అనిపించింది. నాకు కోపం వచ్చి అరిచాను. అబద్ధాలాడినావు, ఒట్లు పెట్టినావు, చెట్టుకు పోస్తినంటివి అని.

"చెట్టుకు పోస్తినని ఆడింది అబద్ధమే" అన్నాడు. "బాటిల్ మాట అబద్ధం గాదు. చూసుకో దారం."

"మరి ఇవి నీళ్లు గావా?"

"ఇవి మరవ నీళ్లు రా."

చెరువు నిండి, ఇంక పట్టక, అంచు మీంచి పొర్లి పోయే చోటును మరవ అంటారు. తూములోంచి వచ్చే ప్రతి బొట్టుకూ వంతుంటుంది, తగాదా ఉంటుంది, నీరుగంటి ఉంటాడు. మరవ మీంచి పోయే నీళ్లు ఎవరి వంతులోకీ రావు. ఎట్లాగూ వంకలో కలిసిపోయేవే. ఎవరి చేనుకు మళ్లించుకున్నా, ఎవరి ఎనుము తాగినా అడిగేవాడు లేడు. ఇది మా చెరువు చట్టం. ఆయన ముందరి నీరుగంటిదీ అదే చట్టం, ఆయనదీ అదే. డాక్టరు ఇచ్చిన బాటిల్ తూము నీళ్లు. నేను పిండి పారేసినవి మరవ నీళ్లు. ఇంతకాలం ఆ మనిషి ఒక్క గుక్క కూడా దొంగతనం చేయలేదు, ఆయన లెక్కలో.

"డాక్టరుకు ఈ చట్టాలు తెలీవు పెద్దనాయనా."

"ఆయప్పది ఏ ఊరు?"

"కడప పక్క అంట."

"చెరువుండాదా ఆ ఊర్లో?"

గిన్నె లాక్కుని సింకులో పారబోశాను. నీళ్లు తూట్లోకి పోతుంటే ఆ శబ్దం అయిపోయేదాకా ఆయన అటే చూశాడు. తర్వాత, "నా చేత గాదురా అట్ల పోసేది" అన్నాడు. "చెయ్యి పైకి లేస్తాది. వంగదు."

ఆ రోజు నుంచి పెరుగు మూటను షాపుకు తీసుకుపోయి అక్కడే వేలాడదీశాను. పక్కన ఫోన్లు, పైన పెరుగు. వచ్చినవాళ్లు ఇదేం రిపేరని అడిగేవారు. నీళ్లు దిగిన ఫోన్లకు ఇదే పద్ధతి అని చెప్పాను. ఒకాయన నమ్మాడు కూడా. ఇంటికి గట్టి పెరుగు, పిండేసిన కీరా మాత్రమే వచ్చేవి. బరువు దారికొచ్చింది. కాళ్ల వాపు తగ్గింది. నర్సక్క మెచ్చుకుంది. పెద్దనాయన మాత్రం రొట్టె అద్దుకునేటప్పుడు అప్పుడప్పుడు, "ఏడ పోస్తాండావ్?" అనేవాడు.

"చెట్టుకు" అనేవాణ్ణి.

"ఊ" అనేవాడు. చెట్టు అప్పటికే చచ్చిపోయింది.

తర్వాత వానలు పట్టాయి. మా వైపు వానంటే నాలుగు చినుకులు పడి, టీవీలో రెండు నిమిషాలు చెప్పి, ఆగిపోవడం. ఆ ముసురు ఆగలేదు. డయాలసిస్ అయిన సాయంత్రం పెద్దమ్మ ఫోను చేసింది, చెరువులోకి నీళ్లు దిగుతున్నాయని. ఆయన అప్పుడే సంచి సర్దాడు.

"ఎల్లుండి మిషనుండాది" అన్నాను.

"రేపుండి ఎల్లుండి పొద్దున బస్సుకు వస్తా. తూము కాడ ఎవుడుండాడు ఇప్పుడు? అందురూ ఫోటోలు తీసేటోళ్లే."

వద్దంటే ఆగే మనిషి కాదు. బాటిల్‌కు దారాలు సరిచేసుకుని బస్సెక్కాడు.

ఎల్లుండి పొద్దున బస్సు రాలేదు. చెరువు నిండిపోయి మరవ పారింది. మరవ పారడం నా జీవితంలో అదే మొదటిసారి. మరవ నీళ్లు వంకలో పడి, ఊరికీ రోడ్డుకూ మధ్య ఉన్న చిన్న వంతెనను ముంచేశాయి. నేను బండి మీద పోయాను. ఇవతల ఒడ్డున జాతర. పసుపు కుంకుమ వేసేవాళ్లు, హారతులిచ్చేవాళ్లు, టపాకాయలు కాల్చేవాళ్లు, నడుం లోతులో నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. కరువు జిల్లాలో ఇంతకన్నా పెద్ద పండగ ఉండదు. వాళ్లనేమీ అనలేను. అవతలి ఒడ్డున మా ఊరు కనబడుతోంది, కేకేస్తే వినబడేంత దూరంలో.

ఫోను మోగింది. పెద్దమ్మ ఫోను, పెద్దనాయన గొంతు. మాటకూ మాటకూ మధ్య ఎగపోత.

"మరవ... పారతాండాది రా."

"చూస్తాండా పెద్దనాయనా. పడుకో నువ్వు. తలకింద ఎత్తు పెట్టుకో. ట్రాక్టరు దింపుతారంట, వచ్చేస్తా."

"తూము... చూసొస్తి. బాగుండాది."

"ఏమన్నా తాగినావా?"

కాసేపు ఎగపోత ఒక్కటే వినబడింది. తర్వాత అన్నాడు. "ఒక చెంబు. మరవదే."

ఇంకేమైనా అంటాడని చూశాను. అట్లాంటప్పుడు మనుషులు ఏవో చెబుతారని విన్నాను. ఆయన ఫోను పెద్దమ్మకు ఇచ్చేశాడు.

ట్రాక్టరు దింపారు. సగం దాకా పోయి ఆగిపోయింది. దానిమీది డ్రైవరును తాడేసి లాగడానికి ఇంకో ట్రాక్టరు తెచ్చారు. ఈ లోపల మధ్యాహ్నానికి పెద్దనాయన పోయాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. అనంతపురం జిల్లాలో నీళ్లెక్కువై చచ్చిపోయిన మనిషి మా ఇంట్లో ఉన్నాడని చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను చెప్పే మాటల్లో నమ్మదగినవి తక్కువ కాబట్టి అది వాళ్ల తప్పు కాదు.

మర్నాడు నీళ్లు తగ్గాక దాటాను. పెద్దమ్మ ఏడవడం లేదు. తలాపున ఆ బాటిల్ ఉంది. అడుగున చివరి మడి నీళ్లు అట్లాగే ఉన్నాయి. వాటికి వంతు రాలేదు. బిందెతో చెరువు నీళ్లు తెచ్చి పెట్టారు, సాగనంపే ముందు ఒక్కొక్కరూ వచ్చి శవం నోట్లో నాలుగు బొట్లు పోస్తున్నారు. ఊరు ఊరంతా వరుసలో ఉంది. డాక్టరు చూసుంటే ఆయన గుండె ఆగేది. దూరం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను ముందుకు పొమ్మన్నారు. నేను చివర నిలబడ్డాను. వరుసలో చివరివాడి కోసం ఎవరైనా లేచి అరుస్తారేమోనని చూశాను. అరిచేవాడు పడుకుని ఉన్నాడు.

ఆ వారమంతా షాపులో నీళ్లు తాగిన ఫోన్లు వరస కట్టాయి. తిండికి తీరిక లేదు. బాగా గడిచింది.

ఇంక మొన్నటి ఆదివారం. పెరుగు గట్టిపడింది. కీరా తురిమాను, మూట కింది గిన్నెలోకే పిండాను, చెనిక్కాయ నూనె వేశాను. కదిరివాడు చిప్స్ ముంచుకుని తిని, "ఉప్పెయ్యలేదేందప్పా, మర్చిపోయినావా?" అన్నాడు. అలవాటని చెప్పలేదు. వాడే ఉప్పు కలుపుకున్నాడు. ప్లేట్లు తీస్తూ మూట కింది గిన్నె కూడా పట్టుకుని సింకు మీదికి వంచబోయాడు.

"ఆగప్పా" అన్నాను.

"ఏంది, ఈ నీళ్లు గూడా పనికొస్తాయా?"

"ఏమో. ఇట్లియ్యి."

గిన్నె తీసుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. అంతకుముందు నేనెప్పుడూ వాటి రుచి చూడలేదు. తాగాను. పులుపు, కొంచెం పచ్చి కీరా వాసన, అంతే. ఏమంత గొప్పగా లేవు. దీనికోసమా పెద్దనాయనా అనుకున్నాను. అయినా అడుగుదాకా తాగాను.

తర్వాత లేచి గిన్నె కడిగి బోర్లించాను.